పారిష్ హద్దు దగ్గర ఆగిపోయిన సైకిల్ దారి: ప్రాజెక్టు డైరీ

2024 అక్టోబర్

దక్షిణ ఇంగ్లండ్‌లో చిల్టర్న్ కొండల అంచున మేముంటున్న పల్లె చుట్టూ తొమ్మిది పారిష్‌లు (ఊరి స్థాయి పాలనా ప్రాంతాలు) ఉన్నాయి. వాటి మీదుగా పోయే నడక దారులకూ సైకిల్ దారులకూ కలిపి ఒకే పట్టిక తయారు చేయాలని పని మొదలుపెట్టాను. ఏ దారి ఏ పారిష్‌లో ఉంది, రికార్డులో దాని నంబరెంత, అది నడకకేనా లేక సైకిలుకూ హక్కుందా, ఏదైనా అడ్డం పడితే ఎవరికి రాయాలి అన్నవి అందులో ఉండాలి. వినడానికి చిన్న పనే, కానీ ఈ వివరాలన్నీ కలిపి ఎక్కడా ఒకచోట లేవు. మా పారిష్ కౌన్సిల్ నన్ను పాత్ వార్డెన్‌గా, అంటే దారుల బాగోగులు చూసే మనిషిగా తీసుకున్నప్పుడు క్లర్క్ గారు మొదట చెప్పింది ఇదే: "పక్క ఊళ్ల దారుల గురించి కూడా మాకే ఫోన్లు వస్తాయి. ఎవరికి పంపాలో మాకూ తెలియదు."

పారిష్ కౌన్సిల్ అంటే చర్చి వ్యవహారమేమో అనుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఊరి పాలనను చర్చి నుంచి విడదీసి, ఎన్నికైన కౌన్సిళ్లకు అప్పగించింది 1894 నాటి చట్టం. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పారిష్, టౌన్ కౌన్సిళ్లు సుమారు 10,000 ఉన్నాయి. మన గ్రామ పంచాయతీలాగే సభ్యులను ఊరివాళ్లు ఎన్నుకుంటారు. క్లర్క్ చేసేది దాదాపు మన పంచాయతీ కార్యదర్శి పనే. ఇళ్ల మీద వేసే కౌన్సిల్ టాక్స్‌తో పాటు ప్రిసెప్ట్ పేరుతో వసూలయ్యే డబ్బుతో ఇది నడుస్తుంది. పార్కులు, శ్మశానం, బస్ షెల్టర్లు, బెంచీలు లాంటివి దీని చేతిలో ఉంటాయి. పొలాల మధ్య దారులకు మాత్రం చట్టప్రకారం బాధ్యత వహించేది పైనున్న కౌంటీ కౌన్సిల్. 1980 హైవేస్ చట్టం 130వ సెక్షన్ ప్రకారం ప్రజల దారి హక్కును కాపాడటం కౌంటీ విధి.

అలాంటప్పుడు పారిష్‌ను ఎందుకు పట్టుకోవాలి అన్నది న్యాయమైన ప్రశ్న. ఒక్కో కౌంటీ కింద వేల కిలోమీటర్ల దారులుంటాయి, వాటిని చూసుకునే సిబ్బంది కొద్దిమందే. ఫలానా పొలం ఎవరిది, కౌలుకు ఎవరు చేస్తున్నారు, కంచె ఎప్పుడు వేశారు అన్నది తెలిసేది పారిష్‌లోనే. పైగా అదే చట్టం 43వ సెక్షన్ కింద ఫుట్‌పాత్‌లను (నడకకు మాత్రమే హక్కున్న దారులు), బ్రైడిల్‌వేలను (నడకతో పాటు గుర్రానికీ సైకిలుకూ హక్కున్న దారులు) బాగుచేసే అధికారం పారిష్ కౌన్సిల్‌కు ఉంది. ఇది తెలియని కౌన్సిలర్లూ ఉన్నారు.

నవంబర్

క్లర్కుల వివరాల వేట. ఎక్కువ పారిష్‌లలో క్లర్క్ పార్ట్‌టైమ్ ఉద్యోగి, వారానికి కొన్ని గంటలే పని. ఒకే క్లర్క్ రెండు మూడు పారిష్‌లు చూడటమూ మామూలే. మా తొమ్మిదింటిలో ఒకదానికి అసలు కౌన్సిలే లేదు. మరీ చిన్న పారిష్‌లలో ఓటర్లంతా కలిసి కూర్చునే పారిష్ మీటింగే ఉంటుంది, ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. అక్కడ క్లర్క్ ఉండరు కాబట్టి మీటింగ్ అధ్యక్షులకే రాయాలి.

పట్టికలో ఎవరి సొంత ఫోన్ నంబరూ పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. పదవికి చెందిన ఈమెయిల్, మీటింగ్ జరిగే హాలు, మీటింగ్ వారం మాత్రమే ఉంటాయి. మనుషులు మారతారు, పదవి ఉంటుంది. ఒక కౌన్సిలర్ తన మొబైల్ నంబర్ ఇచ్చి రాసుకోమన్నారు కానీ, రేపు ఎవరో దారి తప్పి రాత్రి పదకొండింటికి ఆయనకు ఫోన్ చేస్తే బాగుండదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది "ఎవరికి రాయాలి" అనే గడి. ఒక్కో సమస్యకు ఒక్కో బాధ్యుడు. దారి మీద నేలలోంచి పెరిగిన నెటిల్ లాంటి దురద మొక్కలు కోయించాల్సింది కౌంటీ. పక్క కంచెలోంచి దారి మీదికి వచ్చిన ముళ్ల తీగలు కోయించాల్సింది భూమి యజమాని. గేటు, స్టైల్ (కంచె దాటడానికి వేసే చెక్క మెట్లు) విరిగితే బాగుచేయాల్సింది కూడా యజమానే, కానీ ఖర్చులో కనీసం నాలుగో వంతు కౌంటీ భరించాలి. తారు రోడ్డు నుంచి దారి మొదలయ్యే చోట బోర్డు పెట్టడం 1968 నాటి చట్టం ప్రకారం కౌంటీ పని. పడిపోయిన చెట్టు యజమానిది, కుక్కల చెత్త డబ్బా ఎక్కువగా పారిష్‌ది. ఇవి తెలియక రాసిన ఉత్తరాలే నెలల తరబడి ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతుంటాయి.

ఈ నెలలోనే ఒక గోధుమ పొలంలో దారి కనపడకుండా పోయింది. దుక్కి దున్ని విత్తేశారు. పొలానికి అడ్డంగా పోయే దారిని దున్నే హక్కు రైతుకు ఉంది, అయితే మొదటిసారి దున్నిన 14 రోజుల్లోపల దారిని మళ్లీ కనపడేలా చేయాలి. వెడల్పు వేరే చెప్పకపోతే ఫుట్‌పాత్‌కు కనీసం ఒక మీటరు, బ్రైడిల్‌వేకు రెండు మీటర్లు. పొలం గట్టు వెంట పోయే దారినైతే అసలు దున్నకూడదు. దారి నంబరు, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్‌లో చోటును చూపే అంకెలు), రెండు ఫోటోలు పెట్టి ఆ పారిష్ క్లర్క్‌కు రాశాను. ఆమె రైతుకు ఒక్క ఫోన్ చేశారు. మరుసటి వారాంతానికి ట్రాక్టర్ చక్రాలతో గీత కొట్టి ఉంది. కౌంటీ ఫారం ద్వారా పోయి ఉంటే పంట మోకాలెత్తు వచ్చేది.

2025 జనవరి

పట్టిక పని ఇంకో పెద్ద పనిలోకి లాక్కెళ్లింది. ప్రభుత్వ మ్యాప్ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే 1:25,000 మ్యాప్‌లో ఫుట్‌పాత్ చిన్న ఆకుపచ్చ గీతలుగా, బ్రైడిల్‌వే పొడుగు ఆకుపచ్చ గీతలుగా ఉంటుంది. మా ఊరి నుంచి కొండ కిందుగా పోయే ఒక దారి పొడుగు గీతలతో బయల్దేరి, ఒక వాగు దగ్గర చిన్న గీతలుగా మారిపోయింది. అక్కడ గేటు లేదు, రోడ్డు లేదు, ఊరు లేదు. ఉన్నది రెండు పారిష్‌ల హద్దు మాత్రమే. వాగు ఇవతల సైకిలుకూ గుర్రానికీ హక్కు ఉంది. అవతల అదే మట్టి దారి, అదే వెడల్పు, అవే రెండు వైపులా కంచెలు, అయినా సైకిల్ మీద వెళ్లే హక్కు లేదు. మా వైపు గుంటూరు జిల్లాలో ఊరి డొంక పొలిమేర దాటి పక్క ఊళ్లోనూ డొంకగానే సాగుతుంది, బండి మధ్యలో ఆగిపోదు. అందుకే ఇది చూడగానే నాకు మింగుడుపడలేదు.

కారణం పాత కాగితాల్లో ఉంది. 1949 నాటి నేషనల్ పార్క్స్ చట్టం ప్రతి కౌంటీనీ దారులన్నీ సర్వే చేసి డెఫినిటివ్ మ్యాప్ (దారి హక్కుల అధికారిక మ్యాప్) తయారు చేయమంది. క్షేత్రస్థాయిలో ఆ సర్వేను చాలాచోట్ల పారిష్ కౌన్సిళ్లే చేశాయి. 1950ల మొదట్లో ఊరి బడి పంతుళ్లు, రైతులు, కౌన్సిలర్లు నడిచి చూసి, ఒక్కో దారికి ఒక్కో కార్డు నింపారు. ఎవరి ఊరి మేరకు వాళ్లు నింపారు. ఒక ఊరివాళ్లు బ్రైడిల్‌వే అని రాస్తే పక్క ఊరివాళ్లు ఫుట్‌పాత్ అని రాశారు. అప్పటికి ఆ తేడాతో సైకిళ్లకు సంబంధం కూడా లేదు, ఎందుకంటే బ్రైడిల్‌వే మీద సైకిల్ హక్కు 1968 కంట్రీసైడ్ చట్టంతోనే వచ్చింది. నడిచేవాళ్లకూ గుర్రాల మీద వచ్చేవాళ్లకూ సైకిల్ వాళ్లే దారి ఇవ్వాలన్న షరతుతో వచ్చింది. అలా 1950లలో ఒకరు కార్డు మీద రాసిన రెండక్షరాలు ఇవాళ సైకిల్ మీద బడికి వెళ్లాల్సిన పిల్లలను కార్లు దూసుకుపోయే రోడ్డు మీదికి తోస్తున్నాయి. నాకు ఈ ప్రాజెక్టులో బాధ కలిగించేదీ పట్టుదల పెంచేదీ ఇదే.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల హక్కు దారులుంటే వాటిలో సైకిలుకు హక్కున్నవి ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. మాకు దగ్గరలోని రిడ్జ్‌వే చూడండి. ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ వరకు 139 కిలోమీటర్ల జాతీయ దారి. పడమటి సగం అంతా సైకిల్ మీద వెళ్లవచ్చు. స్ట్రీట్‌లీ దగ్గర థేమ్స్ నది దాటాక ఎక్కువ భాగం ఫుట్‌పాతే, సైకిల్ వాళ్లు వేరే దారులు వెతుక్కోవాలి.

ఒక ఊరట కబురు కూడా ఉంది. 2000 నాటి చట్టం ప్రకారం, పాత పత్రాల ఆధారంగా మ్యాప్‌లోకి దారులు ఎక్కించుకునే అవకాశం 2026 జనవరి 1తో ముగియాలి. దాన్ని తర్వాత 2031కి జరిపారు. 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ గడువునే రద్దు చేస్తామని ప్రకటించింది. రద్దు చట్టం వచ్చేదాకా నేను మాత్రం గడువు ఉన్నట్టే పని చేస్తాను.

ఫిబ్రవరి

కౌంటీ ఆర్కైవ్స్‌లో. ఇక్కడ ఎవరైనా ఉచితంగా కూర్చుని పాత పత్రాలు చూడవచ్చు, ముందుగా చెప్పాలంతే. చర్చికి కట్టే దశమభాగం లెక్క కోసం 1836 చట్టం కింద గీసిన టైద్ మ్యాప్‌లు, 1910 ఫైనాన్స్ చట్టం కింద భూముల విలువ కట్టిన మ్యాప్‌లు, ఉమ్మడి భూములను పంచినప్పటి ఎన్‌క్లోజర్ అవార్డులు (పంపకం తీర్పు పత్రాలు) అన్నీ తీయించాను. టైద్ మ్యాప్‌లో మా దారి రెండు పారిష్‌లలోనూ పంట భూముల నుంచి విడిగా, ఒకే రంగు పట్టీగా ఉంది. 1910 మ్యాప్‌లో కూడా పన్ను కట్టే భూముల నుంచి దాన్ని వదిలేశారు. ఇవి సూచనలే, రుజువులు కావు.

అసలు దొరికింది అవతలి పారిష్ ఎన్‌క్లోజర్ అవార్డులో. తోలు కాగితం మీద చేతిరాత, ఒక్కో వాక్యం అరపేజీ పొడవు. ఇంగ్లిష్‌లో ఎంత చదువుకున్నా ఆ రాతకు కళ్లు అలవాటు పడటానికి టైం పట్టింది. అందులో వాగు దగ్గర నుంచి మొదలయ్యే దారిని పబ్లిక్ బ్రైడిల్ రోడ్ అని పేర్కొని, వెడల్పు అడుగుల్లో చెప్పి, ఎవరి భూమి పక్క నుంచి ఎవరి భూమి వరకు పోతుందో వివరంగా రాశారు. అంటే 1950ల కార్డు నింపిన ఆ ఊరివాళ్ల కన్నా నూరేళ్లకు పైగా ముందే దాని హోదా తేలిపోయింది. ఒకసారి చట్టబద్ధంగా హైవే (చట్టం భాషలో ప్రజలకు హక్కున్న ఏ దారైనా) అయిన దారి, చట్టబద్ధంగా మూసేసేదాకా హైవేనే. వాడకపోయినంత మాత్రాన హక్కు పోదు. ఆర్కైవ్స్ ఉద్యోగి ఫోటోలకు అనుమతిచ్చి, పత్రం నంబరు ఎలా ఉటంకించాలో కూడా ఓపికగా చూపించారు.

మార్చి – ఏప్రిల్

రెండు పారిష్ కౌన్సిళ్లనూ ఒక మాట మీదికి తేవాలి. మీటింగ్‌కు మూడు పూర్తి రోజుల ముందే ఎజెండా బయట పెట్టాలని చట్టం. ఎజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకోలేదు. అందుకే ప్రజలు మాట్లాడే కొద్ది నిమిషాల్లో లేచి గట్టిగా చెప్పడం కన్నా, రెండు వారాల ముందే క్లర్క్‌కు రాసి అంశంగా పెట్టించుకోవడమే పనిచేసింది.

మా కౌన్సిల్ వెంటనే మద్దతు తీర్మానం చేసింది. వాగు అవతలి కౌన్సిల్‌లో సులువు కాలేదు. అక్కడ ఒక పెద్దావిడ, చాలాకాలంగా కౌన్సిలర్, సూటిగా అడిగారు: "సైకిళ్లు వేగంగా వస్తే నాలాంటివాళ్లం ఎక్కడికి తప్పుకోవాలి?" ఆ భయం నిజమైనది. కొండ దిగే చోట మలుపు ఉంది, ఎదుటివాళ్లు కనపడరు. దాని గురించి ఆమెతో విడిగా మాట్లాడాను. మలుపుకు ముందు వేగం తగ్గించమని బోర్డు, కంచె కొంత వెనక్కి కత్తిరించడం, అడుగున బ్రైడిల్‌వేను తెలిపే నీలం బాణం గుర్తు దగ్గరే "నడిచేవారికి దారి ఇవ్వండి" అన్న మాట. ఇవన్నీ ఆమె సూచనలే. తర్వాతి మీటింగ్‌లో ఆ తీర్మానాన్ని ప్రతిపాదించింది ఆమే.

రీడింగ్‌లో ఉండే మన తెలుగు స్నేహితురాలు ఒకరు ఈ సంగతి విని, "అక్కా, మనలాంటి వీసా వాళ్లం వెళ్లి కూర్చుంటే ఏమీ అనరా?" అని అడిగింది. మీటింగ్‌లకు ఎవరైనా వెళ్లవచ్చు. అంతేకాదు, ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులకు కామన్వెల్త్ పౌరులుగా ఓటు హక్కు కూడా ఉంది, వర్క్ వీసా మీద ఉన్నా సరే. ఓటరుగా నమోదు చేసుకోవాలి. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మే

పసుపు పూలతో ఆవజాతి నూనెగింజల పంట మనిషెత్తు పెరిగే నెల. రెండు ఫుట్‌పాత్‌లు పంటలో మునిగిపోయాయి. ఇద్దరు క్లర్కులకు రాశాను, ఒకచోట దారి కోశారు, ఇంకోచోట ఇంకా లేదు.

ముఖ్యమైన పని భూమి యజమానిని కలవడం. వాగు అవతలి దారి ఒకే కుటుంబం పొలం మీదుగా పోతుంది. దరఖాస్తు నోటీసు పోస్టులో అందకముందే మనిషిని కలిసి చెప్పాలనుకున్నాను, ఆ పారిష్ క్లర్క్ గారు కలిపించారు. రైతు కోప్పడలేదు, కానీ చాలా ప్రశ్నలు వేశారు. గేట్లు తెరిచి వదిలేస్తే? గొర్రెలు ఈనే కాలంలో కుక్కలు వదిలితే? వానాకాలంలో బంకమట్టి మీద సైకిళ్లు చాళ్లు తీస్తే ఎవరు పూడుస్తారు? చివరి ప్రశ్న గట్టిది, ఎందుకంటే బ్రైడిల్‌వేను సైకిళ్లకు అనువుగా ఉంచాలన్న బాధ్యత చట్టం ఎవరి మీదా పెట్టలేదు.

రెండు మార్గాలు ఆయన ముందు పెట్టాం. ఒకటి, 1980 చట్టం 30వ సెక్షన్ కింద యజమాని పారిష్ కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకుని దారిని ప్రజలకు అంకితం చేయడం. ఇది శాశ్వతం. రెండోది, యజమాని అనుమతితో నడిచే దారి, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఆయన రెండోదానికి మొగ్గు చూపారు. అనుమతి దారి మంచిదే కానీ రేపు పొలం చేతులు మారితే పోతుంది. అందుకే పాత హక్కును మ్యాప్‌లో ఎక్కించే దరఖాస్తు ఆపబోనని ఆయనకు ముఖం మీదే చెప్పాను. "మీ పని మీరు చేయండి. ఈలోగా వెళ్లనిస్తాను" అన్నారు. నేను కలిసిన రైతులందరిలోకీ ఈయన మీద నాకు గౌరవం ఎక్కువ.

జులై

స్టైల్ పోయి గేటు వచ్చింది. మా వైపు ఒక ఫుట్‌పాత్ మీద రెండు ఎత్తయిన స్టైళ్లు ఉండేవి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక్కి తిరిగేవారు. పారిష్ డబ్బు, యజమాని ఒప్పుకోలు, వాలంటీర్ల శ్రమ కలిసి వాటి స్థానంలో ఒకచోట గేటు, ఒకచోట ఖాళీ సందు పెట్టారు. సందుకు ఖర్చే లేదు. పశువులు లేని పొలాల మధ్య గేటు కూడా ఎందుకు అన్నది నా గట్టి అభిప్రాయం, బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5709 కూడా వీలైనంత తక్కువ అడ్డంకి ఉండాలనే అంటుంది.

పట్టిక వాడకంలోకి వచ్చింది. వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా పశువుల గురించే. పాడి జాతి ఎద్దులను, పది నెలలు దాటినవాటిని, హక్కు దారి పోయే పొలంలో వదలకూడదు. మాంసం జాతివైతే ఆవులతో కలిసి ఉంటే వదలవచ్చు. దూడలున్న ఆవుల మధ్యకు కుక్కతో వెళ్లకండి. ఆవులు మీదికి వస్తే కుక్క గొలుసు వదిలేయండి, అది పరిగెత్తి తప్పించుకుంటుంది.

సెప్టెంబర్ – అక్టోబర్

దరఖాస్తు వెళ్లింది. 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం కింద, డెఫినిటివ్ మ్యాప్‌లో ఫుట్‌పాత్‌ను బ్రైడిల్‌వేగా సరిదిద్దమని. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మ్యాప్, పత్రాల కాపీలు, యజమానికి నోటీసు ఇచ్చినట్టు ధ్రువపత్రం జతచేయాలి. రెండు పారిష్‌ల తీర్మానాలు కూడా పెట్టాను. మద్దతు తీర్మానం రుజువు కాదు, అధికారి చూసేది చరిత్రనే, దారి అవసరమా కాదా అన్నది కాదు. కౌంటీ 12 నెలల్లో తేల్చకపోతే మంత్రిత్వ శాఖ ద్వారా ఆదేశం కోరవచ్చు. క్యూ పొడుగ్గానే ఉంది.

ఈలోగా బంకమట్టి సంగతి. కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ల దగ్గర వసూలు చేసే లెవీలో 15 శాతం ఆ పారిష్‌కు వస్తుంది, నైబర్‌హుడ్ ప్లాన్ (ఊరివాళ్లే తయారు చేసుకునే అభివృద్ధి ప్రణాళిక) ఉన్న పారిష్‌కైతే 25 శాతం. అవతలి పారిష్‌కు ప్లాన్ ఉంది, ఈ మధ్య ఇళ్లూ కట్టారు. వాగు పక్క పల్లంలో రాతి పొడి పరిపించడానికి అందులోంచి కొంత అడుగుతున్నాం. రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది రావాలి. రైతు ట్రాక్టర్ ఇస్తానన్నారు.

పట్టికలో ఒక వరుస మార్చాల్సి వచ్చింది. అవతలి క్లర్క్ గారు రిటైరయ్యారు, కొత్తావిడ వచ్చే సోమవారం చేరుతున్నారు, నవంబర్ మీటింగ్‌కు ఎజెండా ఆమే వేయాలి. రెండు వైపుల దారి నంబర్లు, అవార్డు ఫోటోలు, కొటేషన్లు, రైతుతో జరిగిన ఉత్తరాల కాపీలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఆమె ఆఫీసు ఈమెయిల్‌కు పంపుతున్నాను.